సంఘంలో నిలబడనా, వీసా చూసుకోనా?

ఈసారి ఉత్తరం అమెరికాలోని ఆరిజోనా నుంచి వచ్చింది. రాసినామెకు 34 ఏళ్ళు. సొంతూరు తెనాలి దగ్గర పల్లె. ఉస్మానియాలో ఆస్ట్రానమీ ఎమ్మెస్సీ చదివి, అమెరికా వెళ్ళి పీహెచ్‌డీ ముగించి, అక్కడే ఒక యూనివర్సిటీలో పరిశోధకురాలిగా పనిచేస్తున్నారు. జీతం నాసా గ్రాంటు నుంచి వస్తుంది. ఉన్నది హెచ్‌1బీ వీసా మీద, గ్రీన్‌కార్డు క్యూలో పేరుంది. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఐదేళ్ళ బాబు ఉన్నాడు.

ఎనిమిదేళ్ళుగా ఆమె అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యురాలు. ఆ దేశపు ఖగోళ శాస్త్రవేత్తల జాతీయ సంఘం అది. 2025లో అక్కడి ప్రభుత్వం సైన్సు బడ్జెట్‌లో పెద్ద కోత పెడతామన్నప్పుడు, సంఘం సభ్యులు అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌లో తమ తమ ప్రతినిధుల ఆఫీసులకు వెళ్ళి మాట్లాడారు. ఈమె వాళ్ళతో వెళ్ళలేదు. వెళ్ళేవాళ్ళకు కాగితాలు సిద్ధం చేసి ఇచ్చారు. ఏ నియోజకవర్గంలో ఏ గ్రాంటు మీద ఎంతమంది పనిచేస్తున్నారు, ఆ డబ్బు ఆగితే ఏ పని ఆగిపోతుంది, ఇవీ ఆ కాగితాల్లోని లెక్కలు. ఈ పని చేసిన చిన్న బృందాన్ని నడిపించిన ప్రొఫెసర్‌గారు ఈమెకు గురువులాంటి మనిషి. గడువు ముగిసి ఈ జూన్‌లో ఆవిడ తప్పుకుంటున్నారు. సొసైటీ అధ్యక్ష పదవి కూడా అప్పుడే చేతులు మారుతోంది. "నా తర్వాత నువ్వు చూసుకో, నీ పేరు సూచిస్తాను, రెండు వారాల్లో ఏ సంగతీ చెప్పు" అన్నారట ఆవిడ.

అప్పటి నుంచి ఈమెకు నిద్ర సరిగ్గా లేదు. ల్యాబ్ పెద్దాయన నడవాలో ఆపి, "నీ పేరు ఎక్కడా కనపడనివ్వకు, గ్రాంటుకి ఏమన్నా అయితే ముందు పోయేది నీ ఉద్యోగమే" అన్నారు. భర్త, "ఇది వాళ్ళ దేశం, వాళ్ళ డబ్బు, పౌరులు చూసుకుంటారు, మనకెందుకు" అన్నారు. నాన్నగారికి బైపాస్ అయి ఏడాదిన్నర దాటినా, తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ దొరకదేమోనన్న భయంతో ఇంటికి వెళ్ళి చూసి రాలేదు. వీటన్నిటి మీద గోరుచుట్టు మీద రోకటి పోటులా మరొకటి. అదే ల్యాబ్‌లో పనిచేసిన తెలుగు కుర్రాడికి గ్రాంటు పొడిగింపు రాక ఉద్యోగం పోయింది. తిరుగు ప్రయాణానికి ముందు రోజు భోజనానికి పిలిస్తే, "నువ్వు సేఫ్‌గా ఉన్నావక్కా, అందుకే తెర వెనక ఎక్సెల్ షీట్లు చేస్తావు" అన్నాడు.

ఉత్తరం చివర ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు. "నేను పిరికిదాన్నా? ఒప్పుకోవాలా, వద్దా? ఆవిడ వెళ్ళిపోయాక అసలు ఆ పని మిగులుతుందా?"

*

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి వీసా గురించి రాశారనుకున్నాను. రెండోసారి చదివితే, మీకు నిద్ర పట్టనివ్వనిది వీసా కాదనిపించింది. ఆ భోజనాల బల్ల దగ్గర తమ్ముడిలాంటి కుర్రాడు అన్న ఒక్క మాట. వీసా గురించి మీరు పది వాక్యాలు రాశారు, లాయర్‌ని అడుగుతానన్నారు. అతని మాట గురించి రాసింది రెండే వాక్యాలు, కానీ చివర మళ్ళీ మొదటి ప్రశ్నగా వచ్చింది అదే. అందుకని నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు చేసిన పనిని "ఉడతాభక్తి" అని మీరే తక్కువ చేసి రాశారు. 2025 మే నెలలో వచ్చిన ప్రతిపాదన ఏమిటో మీకు తెలుసు, మన పాఠకుల కోసం చెబుతున్నాను. నాసాలో సైన్సుకి ఏటా సుమారు 730 కోట్ల డాలర్లు వస్తుండేవి, దాన్ని 390 కోట్లకు దించుతామన్నారు. దాదాపు సగం. పరిశోధనలకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కి 900 కోట్లు ఉంటే సగం కంటే ఎక్కువే కోసి 390 కోట్ల దగ్గరికి తెస్తామన్నారు. పనిచేస్తున్న ఉపగ్రహాలను, టెలిస్కోపులను మధ్యలో ఆపేయాల్సి వచ్చేది. కానీ ఆ దేశంలో డబ్బు కేటాయించేది అధ్యక్షుడు కాదు, కాంగ్రెస్. ఆ జూలైలోనే సెనేట్ కమిటీ 730 కోట్ల దగ్గరే నిలబడింది, ప్రతినిధుల సభ ఉపసంఘం 600 కోట్లంది. 2026 జనవరిలో చట్టమైన బడ్జెట్‌లో నాసా సైన్సు దాదాపు పాత స్థాయిలోనే ఉంది.

ఇదంతా మీ ఎక్సెల్ షీట్ వల్లే జరిగిందని నేననను. ఎన్నో సంఘాలు, యూనివర్సిటీలు, కంపెనీలు, మామూలు జనం అడిగారు. కానీ ఒక కాంగ్రెస్ ఆఫీసులో సమావేశం ఎలా ఉంటుందో మీ ప్రొఫెసర్‌గారిని అడిగితే చెబుతారు. ఎదురుగా కూర్చునేది చాలాసార్లు సభ్యుడు కాదు, పాతికేళ్ళ సహాయకుడు. ఇచ్చే టైమ్ ఇరవై నిమిషాలు. ఆ కుర్రాడికి విశ్వం పుట్టుక గురించి చెబితే ఆసక్తిగా వింటాడు, మీరు వెళ్ళాక మరిచిపోతాడు. మీ నియోజకవర్గంలో ఈ యూనివర్సిటీకి ఇన్ని గ్రాంట్లున్నాయి, వాటి మీద ఇంతమంది ఉన్నారు అన్న ఒక పేజీ అతని చేతిలో పెడితే, అది ఫైల్లోకి వెళ్తుంది. మాట్లాడినవాళ్ళ ధైర్యం గొప్పదే. వాళ్ళ చేతిలో ఆ పేజీ లేకపోతే ఆ ధైర్యం అక్కడ దేనికి ఉపయోగపడేది? ఆ పేజీ మీరు రాశారు. మీరు దాక్కుని చేసిన పని కాదిది. పనిలో మీ వంతు అది.

పాత సంగతులు కూడా చూడండి. కొలంబియా వ్యోమనౌక ప్రమాదం తర్వాత, 2004 జనవరిలో, హబుల్ టెలిస్కోపుకి మరమ్మతు యాత్ర ఇక ఉండదని నాసా అధిపతి ప్రకటించారు. అంటే బ్యాటరీలు, టెలిస్కోపు దిశను నిలిపే గైరోలు అరిగిపోయేదాకా వాడి వదిలేయడమే. శాస్త్రవేత్తలు, స్కూలు పిల్లలు, సెనేటర్లు అందరూ గొడవ చేశారు. ఆ గొడవ ఒక నెలలో తేలలేదు. మధ్యలో నాసా అధిపతి మారారు. కొత్తాయన 2006 అక్టోబరులో యాత్రకు ఒప్పుకున్నారు. వ్యోమగాములు 2009 మేలో వెళ్ళి బాగు చేశారు. 2011 జూలైలో ప్రతినిధుల సభ ఉపసంఘం ఒకటి జేమ్స్ వెబ్ టెలిస్కోపుని ఏకంగా రద్దు చేయమంది. ఆ నవంబరుకల్లా డబ్బు తిరిగి వచ్చింది. పైకి ఎగిరింది మాత్రం 2021 క్రిస్మస్ రోజున. ఈ రెండు కథల్లోనూ మొదట నిలబడ్డవాళ్ళలో చాలామంది చివరికొచ్చేసరికి ఆ పదవుల్లో లేరు. అడిగిన నోరు మారింది, అడిగిన మాట మారలేదు. మీ మూడో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉందనుకుంటాను, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

అయితే ఆ కుర్రాడి బాధ కూడా నిజమే, దాన్ని తోసేయకండి. చట్టం జనవరిలో వచ్చింది. అతని గ్రాంటు అంతకు ముందే అయిపోయింది. పైన డబ్బు నిలబడినా, కిందికి వచ్చేలోపు కొందరి ఉద్యోగాలు పోయాయి. అతను అన్న మాట మీ గురించి అన్నది కాదు, దగ్గరున్నవాళ్ళ మీదే కదా మనిషి కసి తీర్చుకునేది. "సేఫ్‌గా ఉన్నావు" అన్నాడు. మీరు సేఫ్‌గా ఏమీ లేరు, వాక్యవాక్యానా భయపడుతూ రాసిన ఈ ఉత్తరమే దానికి సాక్ష్యం. అతనికి ఆ సంగతి తెలియదు, మీరు చెప్పలేదు కాబట్టి.

ఇక రెండో ముడి, మీ ప్రొఫెసర్‌గారు వెళ్ళిపోవడం. "ఆవిడ లేకపోతే ఈ పని అనాథ అవుతుంది" అని రాశారు. ఆవిడ మీద మీకున్న గౌరవం నాకు అర్థమైంది. కానీ ఆ సొసైటీని 1899లో పెట్టినవాళ్ళూ, తర్వాత నియమాలు దిద్దినవాళ్ళూ సరిగ్గా ఈ భయానికే ఏర్పాటు చేసి పెట్టారు. అధ్యక్షులు ఒక ఏడాది ముందే ఎన్నికై పక్కన కూర్చుని నేర్చుకుంటారు, రెండేళ్ళు పదవిలో ఉంటారు, దిగాక మరో ఏడాది పక్కనే ఉండి అప్పగిస్తారు. 2026 జూన్‌లో సొసైటీ అధ్యక్షురాలు దారా నార్మన్ గడువు ముగుస్తున్నా, ఆవిడ మరుసటి రోజు మాయమైపోరు. వచ్చేవారూ కొత్తగా తలుపు తీసుకుని రారు. ఈ రెండేళ్ళ లెక్క కొంత ఇబ్బంది కూడా, ఒప్పుకుంటాను. మనిషి పని పట్టు తెలుసుకునేసరికి దిగే వేళవుతుంది. అయినా ఒక్కరి చేతిలో పదేళ్ళు ఉండటం కంటే అదే నయం.

ఇది మీకు దూరపు కబురు కాదు. మీరు ఉస్మానియాలో చదివారు కదా, హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీ సంగతి పాఠంలోనే విని ఉంటారు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో పెట్టారు. 1907లో ఆయన పోతే నిజాం ప్రభుత్వం తీసుకుంది. ఆకాశంలో తమ వంతుకు వచ్చిన పట్టీలో నక్షత్రాలన్నిటినీ ఫొటో తీసి, కొలిచి, జాబితా రాసే అంతర్జాతీయ పని ఒప్పుకున్నారు. అప్పటి డైరెక్టర్ ఛాట్‌వుడ్ దానికి ఏర్పాట్లు చేశారు. 1914లో పోకాక్ వచ్చి పని పట్టాలెక్కించారు, నాలుగేళ్ళకే ఆయన చనిపోయారు. అప్పుడు ఆ బాధ్యత టి.పి. భాస్కరన్ భుజాన పడింది. జాబితా పూర్తయింది భాస్కరన్ హయాంలోనే. ముగ్గురు మనుషులు, లక్షల నక్షత్రాలు, ఒకటే జాబితా. పోకాక్ పోయిన రోజున అక్కడి సహాయకులు కూడా మీలాగే అనుకుని ఉంటారు, ఇక ఈ పని ఎవరు చేస్తారని. ఫొటో ప్లేట్లకు తేదీ, టైమ్, కొలతలు రాసి ఉన్నాయి కాబట్టి, వచ్చినాయన అక్కడి నుంచి అందుకున్నారు.

రాసి ఉండటం అంటే ఏమిటో నేను నష్టపోయి నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ పాఠం చెప్పాను, మధ్యలో ఆరేళ్ళు లెక్చరర్ల సంఘానికి జిల్లా కార్యదర్శిగా ఉన్నాను. దిగిపోయాక కూడా అందరూ నాకే ఫోన్ చేసేవారు. నేనూ సంతోషంగా ఎత్తేవాణ్ణి. ఏ ఫైలు ఏ సెక్షన్లో ఉందో, ఎవరికి ఎప్పుడు అర్జీ ఇచ్చామో నా బుర్రలోనే ఉండేది. నా తర్వాత వచ్చినామె మంచి సమర్థురాలు, కానీ నేను ఆమెకు కాగితం మీద ఏమీ ఇవ్వలేదు. ఏడాది తిరిగేసరికి పార్ట్‌టైమ్ లెక్చరర్ల బకాయిల ఫైలు ఎక్కడో ఆగిపోయింది. అది ఆగిందని కనిపెట్టడానికి మరో ఆరు నెలలు పట్టింది. అందులో ఇద్దరు ఆ డబ్బు చేతికి రాకముందే రిటైరయ్యారు. ఆ ఇద్దరి ముఖాలు నాకిప్పటికీ గుర్తున్నాయి. అందుకే చెబుతున్నాను, మీరు ఆ పదవి తీసుకున్నా తీసుకోకపోయినా ఈ రెండు వారాల్లో చేయాల్సిన పని ఒకటుంది. మీ ప్రొఫెసర్‌గారితో రెండు గంటలు కూర్చోండి. ఏ ఆఫీసులో ఎవరు ఆసక్తిగా విన్నారు, ఎవరు మళ్ళీ రమ్మన్నారు, ఏ లెక్క ఎక్కడి నుంచి తెచ్చారు, ఏ మాట బెడిసికొట్టింది, అన్నీ అడిగి రాసుకోండి. జూన్ దాటాక ఆవిడ ఎంత ప్రేమగా జవాబిచ్చినా, ఆ జ్ఞాపకం సగం చెరిగిపోయి ఉంటుంది.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం.

మీవారు అన్న "పౌరులు చూసుకుంటారు" అనే మాటలో సగమే నిజం. అమెరికా రాజ్యాంగం మొదటి సవరణలో ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కు "ప్రజలకు" ఉందని ఉంది, పౌరులకు మాత్రమే అని లేదు. జనాభా లెక్కల్లో మిమ్మల్నీ, మీ బాబునీ లెక్కపెట్టే ఆ నియోజకవర్గానికి ప్రతినిధిని ఇస్తారు. మీ సొసైటీ చరిత్రే చూడండి. మార్గరెట్ బర్బిడ్జ్ ఇంగ్లండులో పుట్టిన మనిషి. 1976లో ఆ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. అమెరికా పౌరసత్వం తీసుకున్నది 1977లో, అంటే అధ్యక్ష పదవిలో ఉండగానే. స్త్రీలకు సమాన హక్కుల సవరణను ఆమోదించని రాష్ట్రాల్లో సంఘం సమావేశాలు పెట్టకూడదని సభ్యుల్ని ఒప్పించింది కూడా ఆవిడే. మన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త ఎస్. చంద్రశేఖర్‌గారు ఆస్ట్రోఫిజికల్ జర్నల్ అనే పరిశోధన పత్రిక బాధ్యత తీసుకున్నది 1952లో, పౌరసత్వం వచ్చింది 1953లో. దాదాపు ఒంటి చేత్తో 1971 దాకా నడిపి, చివరికి ఆ పత్రికను సొసైటీ చేతికే అప్పగించి వెళ్ళారు.

కానీ వాళ్ళను చూపించి మిమ్మల్ని ముందుకు తోయను. వాళ్ళిద్దరికీ అప్పటికే పేరుంది, స్థిరమైన ఉద్యోగాలున్నాయి. మీది గ్రాంటు ఉద్యోగం. హక్కు కాగితం మీద ఉండటం వేరు, వీసా కిటికీ దగ్గర అధికారి ముందు నిలబడటం వేరు. 2025 డిసెంబరు నుంచి హెచ్‌1బీ వాళ్ళ సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తున్నారు. మన దేశంలో స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. ఇలాంటప్పుడు భయపడటం పిరికితనం కాదు. మీ మీద ఒక బాబు, ఒక నాన్నగారు ఆధారపడి ఉన్నారని గుర్తుంచుకోవడం.

భయాన్ని మాత్రం ముక్కలు చేసి చూసుకోండి. ఒక్క ముద్దగా ఉంటే కొండలా కనపడుతుంది. కొన్ని విషయాల్లో గీత స్పష్టంగా ఉంది. ఫెడరల్ గ్రాంటు డబ్బుతో చట్టసభల్లో పైరవీ చేయకూడదు. కాబట్టి ఈ పని ఆఫీసు టైమ్‌లో, యూనివర్సిటీ మెయిల్ నుంచి, ల్యాబ్ కంప్యూటర్ మీద చేయొద్దు. సొంత మెయిల్, సొంత ల్యాప్‌టాప్, సాయంత్రాలు, లేదంటే సెలవు. ఏ అభ్యర్థికీ, ఏ పార్టీకీ ఒక్క డాలరు కూడా చందా ఇవ్వొద్దు. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు ఎన్నికల చందా ఇవ్వడం అక్కడ చట్టవిరుద్ధం. సొసైటీ తరఫున మాట్లాడేటప్పుడు ఫలానా నాయకుడు మంచివాడు, ఫలానావాడు చెడ్డవాడు అనొద్దు. అలాంటి లాభాపేక్ష లేని సంఘాలు చట్టం గురించి పరిమితిలో మాట్లాడవచ్చు కానీ, ఎన్నికల్లో ఎవరి పక్షానా నిలబడకూడదు. ఈ గీతలు మీకు అడ్డం కాదు, కంచె లాంటివి.

మిగతావి ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాల్సినవి. జీతం లేని ఈ బాధ్యత నా వీసా మీద ఏమన్నా ప్రభావం చూపుతుందా? సంఘం వాళ్ళు ప్రయాణ ఖర్చు ఇస్తే తీసుకోవచ్చా? గ్రీన్‌కార్డు ఈ దశలో ఉండగా దేశం దాటి వెళ్ళి రావడానికి ఏ నెల మేలు? ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఆ ఫీజు దండగ అనుకోవద్దు. కంపెనీ లాయరో, యూనివర్సిటీ లాయరో కాకుండా మీ సొంత లాయర్‌ని అడగండి, ఎందుకంటే వాళ్ళు చూసేది ముందు వాళ్ళ సంస్థ క్షేమం.

ఇక మీ ముందున్న దారులు. నాకు కనిపించినంతవరకు రాస్తాను, ఎంచుకోవాల్సింది మీరు.

ఒప్పుకుని ఒంటరిగా ఆ స్థానంలో కూర్చోవడం ఒకటి. అప్పుడు మీ పేరు బయట కనపడుతుంది, విలేఖర్లు ఫోన్ చేస్తారు, వాషింగ్టన్ వెళ్ళాల్సి వస్తుంది. పని బాగా నడుస్తుంది, ఎందుకంటే దాని లోతు మీకు తెలుసు. రేపు ఉద్యోగాలకు అప్లై చేసినప్పుడు ఇది పనికొచ్చే అనుభవమే. కానీ ఏ చిన్న గొడవ జరిగినా మొదట చూసేది మీ వైపే, ల్యాబ్‌లో పెద్దాయన ముఖం రోజూ చూడాలి. పైగా మీరిప్పటికే నిద్ర లేకుండా ఉన్నారు. లాయర్ పచ్చజెండా ఊపినా, ఈ దారి ఇప్పుడు మీకు సరిపోతుందని నాకు అనిపించడం లేదు.

ఇద్దరు కలిసి ఆ బాధ్యత తీసుకోవడం ఇంకొకటి. అక్కడి పౌరుడైన సభ్యుడో సభ్యురాలో ముందుండి మాట్లాడతారు, మీరు లెక్కలు, శిక్షణ, రికార్డు చూస్తారు. ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఇది మీ ప్రొఫెసర్‌గారికి చెప్పి చూడండి, ఆవిడకీ నచ్చవచ్చు. ఇందులో చిక్కేమిటంటే, రెండోవారు ఎలాంటివారన్నదాని మీద అంతా ఆధారపడుతుంది. పని మీది, ఫొటో వాళ్ళది అయితే ఏడాదిలో మీకు చేదు మిగులుతుంది. అందుకని ఎవరు ఏం చేస్తారో మొదటే రాసుకోవాలి. కొత్తగా వచ్చే నాయకత్వం దీన్ని ఇష్టపడకపోవచ్చు కూడా. పెద్దావిడ మాట ఇచ్చేశారు కదా అని నమ్ముకోకుండా, వచ్చేవారితో మీరే ఒకసారి మాట్లాడాలి.

పదవి వద్దని, ఇప్పుడు చేస్తున్న కాగితాల పనే మరో ఏడాది చేస్తానని చెప్పడం కూడా ఒక దారే. మీకు ఇది ఓటమిలా అనిపిస్తోందని ఉత్తరంలో తెలుస్తోంది. నేనలా అనుకోను. బడ్జెట్ గొడవ ప్రతి ఏడాదీ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది, ఆ పేజీలు ప్రతి ఏడాదీ కొత్తగా రాయాలి. అయితే నష్టం లేకపోలేదు. నిర్ణయం తీసుకునే బల్ల దగ్గర మీరుండరు. మీరు ముఖ్యమనుకున్నది వాళ్ళు పక్కన పెడితే చూస్తూ ఊరుకోవాల్సి వస్తుంది.

ఇంకో దారి మీకు తట్టినట్టు లేదు. మీరున్నది ఆరిజోనాలో. ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు 1958లోనే ఆకాశంలోకి కొట్టే సెర్చ్‌లైట్లను నిషేధించింది, అక్కడి అబ్జర్వేటరీ కోసం. 2001లో ప్రపంచంలోనే మొదటి "చీకటి ఆకాశపు నగరం"గా గుర్తింపు తెచ్చుకుంది. ఇది ఊరి పాలకుల దగ్గర, దుకాణదారుల దగ్గర, వీధి దీపాల ఇంజినీర్ల దగ్గర జరిగే పని. సొసైటీలో కూడా కాంతి కాలుష్యం, ఉపగ్రహాల గుంపుల గురించి పనిచేసే కమిటీ ఉంది. 2019 మేలో ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ మొదటి 60 ఉపగ్రహాలు ఎగిరినప్పటి నుంచి ఆ పని పెరిగింది, చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ లాంటి చోట్ల ఆకాశం ఫొటోల మీద ఆ ఉపగ్రహాల వెలుగు గీతలు పడుతున్నాయి. ఇందులో పార్టీల వేడి తక్కువ. మీ గొంతుతో మీరే మాట్లాడవచ్చు, తెర వెనక ఉన్నానన్న బాధ ఉండదు. హైదరాబాద్ దగ్గర జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియావారి 48 అంగుళాల టెలిస్కోపు చూసి వచ్చినవారికి, ఊరి వెలుతురు పక్కకు వస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకపోతే మీ పాత బృందంలో అంత నేర్పున్న చెయ్యి ఒకటి తగ్గుతుంది. అది మీకు తెలిసే చేయాలి.

ఒక ఏడాది అన్నీ ఆపేసి, నాన్నగారిని చూసి రావడం చివరిది. దీన్ని చివర రాశానని తక్కువ చేయకండి. సంఘం పనికి వచ్చే ఏడాది కూడా చోటుంటుంది.

నన్ను అడిగితే నా మొగ్గు రెండోదాని వైపు, అది కుదరకపోతే నాలుగోదాని వైపు. కానీ లాయర్ మాట విన్నాక, మీవారితో మాట్లాడాక నా మొగ్గుని పక్కన పెట్టేయండి.

మీవారితో మాట్లాడేటప్పుడు "నువ్వు నన్ను ఆపుతున్నావు" అని మొదలుపెట్టకండి. ఆయన కూడా భయపడుతున్నారు, దాన్ని "మనకెందుకు" అనే మాటలో చుట్టి చెప్పారంతే. "ఏం జరిగితే మనం ఆగాలి, ఏం జరగనంతవరకు నేను చేయవచ్చు" అని ఇద్దరూ కలిసి గీత గీసుకోండి. ఉదాహరణకి సోషల్ మీడియాలో ఏమీ పెట్టను, టీవీలో మాట్లాడను, గ్రీన్‌కార్డు ఫలానా మెట్టు దాటేదాకా వాషింగ్టన్ వెళ్ళను, ఇలాంటివి. ఆయనకు కావలసింది బహుశా మీరు మానేయడం కాదు, ఎక్కడ ఆగుతారో తెలియడం.

ల్యాబ్ పెద్దాయన్ని అనుమతి అడగకండి. అనుమతి అడిగితే ఆయన వద్దనే అంటారు, తర్వాత మీరు ధిక్కరించినట్టవుతుంది. యూనివర్సిటీలో పరిశోధన వ్యవహారాలు చూసే ఆఫీసుకి వెళ్ళి, ఉద్యోగులు సొంత సమయంలో వృత్తి సంఘాల్లో పనిచేయడానికి నియమాలేమిటని అడిగి, జవాబు మెయిల్లో తెప్పించుకోండి. ఆ తర్వాత ఆయనకు ఒక మాట చెప్పండి, దాచకుండా. ఆయన బెదిరించారో, నిజంగా మీ మేలు కోరి అన్నారో నడవాలో అన్న ఒక్క మాటతో తేల్చలేం. గ్రాంటు మీద ఆయన కింద ఇంకెంతమంది ఉన్నారో కూడా చూడండి.

రెండు వారాలు చాలకపోతే మరో రెండు వారాలు అడగండి. ఆవిడ కాదనరు. ఆ టైమ్‌లో లాయర్, మీవారు, ఆ రెండు గంటల కూర్చోవడం, ఈ మూడూ అయిపోవాలి.

ఆ కుర్రాడికి మాత్రం ఈ ఆదివారమే ఫోన్ చేయండి. వాదించడానికి కాదు. ఉద్యోగం ఏమైనా చూసుకుంటున్నాడా, బెంగళూరులోనో పుణెలోనో ఎవరికైనా పరిచయం చేయాలా అని అడగండి. మీ బృందం రాసే కాగితాల్లో ఒకచోట, గ్రాంటు ఆలస్యమైతే మనిషికి ఏమవుతుందో చెప్పే ఒక పేరా కావాలి కదా. పేరు లేకుండా, అతని మాటల్లోనే రాసిస్తాడేమో అడగండి. అక్కడ మీకు రాత్రి తొమ్మిదయితే ఇక్కడ అతనికి పొద్దున తొమ్మిదిన్నర, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.